మన ఊరి ఎం.బి. చర్చికి ఎన్నేళ్లు? ఒక్క ప్రశ్నకు ఐదు జవాబులు

జడ్చర్ల దాటి కల్వకుర్తి వైపో నాగర్‌కర్నూలు వైపో పోతుంటే చాలా ఊళ్లలో చిన్న చిన్న చర్చిలు కనపడతాయి. రేకుల కప్పో స్లాబో, ముందర ఒక వేపచెట్టు, గోడ మీద "ఎం.బి. చర్చి" అని రంగుతో రాసిన అక్షరాలు. లోపల పాతిక ముప్పై కుటుంబాలు. ఎం.బి. అంటే ఏమిటని ఆ ఊరి కుర్రాళ్లను అడిగితే "మెన్నోనైట్ బ్రెదరెన్" అని వెంటనే చెప్తారు. మరి మెన్నోనైట్ అంటే ఏమిటని అడిగితే చాలామంది పాస్టరుగారి వైపు చూస్తారు.

2025లో మెన్నోనైట్లు స్విట్జర్లాండులోని జూరిక్‌లో 500 ఏళ్ల పండుగ జరుపుకున్నారు. దాని ఫొటోలు మన వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వచ్చాయి, వాటితోపాటే గందరగోళమూ వచ్చింది. మన సంఘానికి 500 ఏళ్లా? 1989లో వందేళ్ల పండుగ చేశారు కదా, ఆ లెక్కన 136 కావాలి. ఇంకొకరు 1899 నుంచి లెక్కపెట్టాలంటారు. మా తాతే ఈ ఊళ్లో మొదటి విశ్వాసి, ఆయన పోయి నలభై ఏళ్లు కూడా కాలేదు అంటారు మరొకరు. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో చోట నిలబడి వెనక్కి లెక్కపెడుతున్నారు. ఆ చోట్లు ఏమిటో ఒక్కొక్కటిగా చూస్తే, పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఒక మారుమూల దళిత వాడలో ఈ పేరుతో చర్చి ఎందుకుందో తెలుస్తుంది.

## ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం

మనవాళ్లు "చర్చి" అంటే భవనం, "సంఘం" అంటే మనుషులు. ఈ వ్యాసం సంఘం గురించి. చెట్టు కింద కూర్చున్నా సంఘం సంఘమే, అందుకే భవనం శిలాఫలకం మీది సంవత్సరం చూసి సంఘం వయసు చెప్పలేం.

"బ్రెదరెన్" అంటే సహోదరులు. గోదావరి జిల్లాల్లో నర్సాపురం, పాలకొల్లు చుట్టూ 1830ల నుంచి ఉన్న బ్రదరెన్ అసెంబ్లీలు వేరు, ఈ మెన్నోనైట్ బ్రెదరెన్ వేరు. అసెంబ్లీలు ఇంగ్లండు నుంచి వచ్చిన ధార, ఎం.బి. దక్షిణ రష్యాలోని జర్మన్ మాట్లాడే రైతుల దగ్గర పుట్టిన ధార. పేరులో ఒక మాట కలిసిందంతే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ చూడబోయి, కరెంటు వాడకుండా గుర్రపు బగ్గీల్లో తిరిగే ఆమిష్ వాళ్ల ఫొటోలు పంపుతుంటారు. ఆమిష్ వాళ్లు మెన్నోనైట్లకు దాయాదులు. 1693లో జాకబ్ అమ్మన్ అనే ఆయన వెంట విడిపోయిన శాఖ అది. అంటే షంషాబాద్‌లో ఎం.బి. పాస్టరుకూ లాంకాస్టర్‌లో బగ్గీ తోలే రైతుకూ మూలపురుషులు ఒక్కరే, దారులు వేరైపోయి మాత్రం మూడు వందల ఏళ్లు దాటింది.

## మొదటి జవాబు, 1525: పెద్దయ్యాక బాప్తిస్మం అనే నేరం

1525 జనవరి 21న జూరిక్‌లో ఒక ఇంట్లో కొంతమంది కుర్రాళ్లు గుమికూడారు. కాన్రాడ్ గ్రెబెల్ అనే ఆయన జార్జ్ బ్లౌరాక్ అనే ఆయనకు బాప్తిస్మం ఇచ్చాడు. అందరూ పసితనంలోనే బాప్తిస్మం పొందినవాళ్లే. అయినా మళ్లీ తీసుకున్నారు, ఎందుకంటే విశ్వాసం అనేది తెలిసి, ఆలోచించి, నోటితో ఒప్పుకోవాల్సిన విషయమని, ఉయ్యాల్లో బిడ్డ తరఫున ఇంకొకరు ఒప్పుకుంటే చెల్లదని వాళ్ల వాదన.

ఇందులో నేరం ఏముందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో పసిబిడ్డకు బాప్తిస్మం అంటే ఆ బిడ్డను మతంలోనూ రాజ్యంలోనూ ఒకేసారి చేర్చడం. దాన్ని కాదన్నవాడు ప్రభుత్వాన్నే కాదన్నట్టు. అందుకే ఈ గుంపులో ముఖ్యుడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో లిమ్మట్ నదిలో ముంచి చంపారు. రెండోసారి బాప్తిస్మం ఇచ్చేవాళ్లు కాబట్టి వీళ్లకు అనాబాప్టిస్టులని పేరొచ్చింది. ఆయుధం పట్టకూడదన్నది చాలామందికి నియమమైంది, కానీ అందరికీ కాదు. 1534లో మ్యూన్‌స్టర్ పట్టణంలో కొందరు కత్తితో దేవుని రాజ్యం స్థాపిస్తామని బయల్దేరి ఘోరంగా నాశనమయ్యారు. ఆ తర్వాత చెల్లాచెదురైన వాళ్లను శాంతి మార్గంలో కూడగట్టింది నెదర్లాండ్స్‌లోని ఒక క్యాథలిక్ ఫాదర్, 1536లో ఆ పదవి వదిలేసి వచ్చిన మెన్నో సైమన్స్. ఆయన పేరుమీదే మెన్నోనైట్. పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు, బయటివాళ్లు పెట్టింది.

## రెండో జవాబు, 1860: రష్యాలో ఒక పల్లె తగాదా

మెన్నోనైట్లు హింసకు తాళలేక నెదర్లాండ్స్ నుంచి ఇప్పటి పోలండులోని విస్తులా నది లంకలకు, అక్కడినుంచి 1789 తర్వాత ఇప్పటి యుక్రెయిన్ మైదానాలకు పోయారు. రష్యా రాణి కేథరిన్ భూమి ఇస్తాననీ, సైన్యంలోకి లాగననీ మాటిచ్చింది. ఒక షరతు కూడా ఉంది. రష్యన్ ఆర్థడాక్స్ ఇరుగుపొరుగుకు మీ మతం బోధించకూడదు. ఈ షరతు గుర్తుపెట్టుకోండి, కథ నల్గొండ చేరినప్పుడు పనికొస్తుంది.

రెండు తరాల్లో ఆ కాలనీలు బాగా కలిసొచ్చాయి, బాగుపడినవాళ్లు మాత్రం కొందరే. మొలోచ్నా కాలనీలో 1860 నాటికి సగానికి పైగా కుటుంబాలకు సెంటు భూమి లేదు. ఊరి పెద్దా సంఘ పెద్దా కలిసి భూమి ఉన్నవాళ్ల మాటే చెల్లించేవాళ్లు. పేరుకే విశ్వాసం మిగిలిందని బాధపడ్డ 18 మంది ఇంటి యజమానులు 1860 జనవరి 6న ఒక కాగితం మీద సంతకాలు పెట్టి విడిపోయారు. వాళ్లే మెన్నోనైట్ బ్రెదరెన్. తలమీద నీళ్లు పోసే పాత పద్ధతి మానేసి నీళ్లలో పూర్తిగా ముంచే బాప్తిస్మం మొదలుపెట్టారు. ఈ రోజు పాలమూరు చెరువుల్లో పాస్టరుగారు మనిషిని వెల్లకిలా ముంచి లేపుతున్నారంటే దాని వెనక ఈ తగాదా ఉంది.

నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఆగాలనిపిస్తుంది. భూమి లేనివాళ్ల అసంతృప్తిలోంచి లేచిన ఒక సంఘం, ప్రపంచంలో ఎక్కడెక్కడో తిరిగి, చివరికి భూమి లేనివాళ్ల వాడలోనే గట్టిగా నిలబడింది.

1874లో రష్యా అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేయడంతో ఆ చుట్టుపక్కల ఏళ్లలో సుమారు 18,000 మంది మెన్నోనైట్లు కాన్సస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, కెనడాలోని మానిటోబాకు వెళ్లిపోయారు. మిగతావాళ్లు రష్యాలోనే ఉన్నారు. అంటే అప్పటికి ఎం.బి. వాళ్లు రెండు వైపులయ్యారు, రష్యాలో కొందరు, అమెరికా వైపు కొందరు. మూడో, నాలుగో జవాబుల మధ్య తేడా ఇక్కడ మొదలవుతుంది.

## మూడో నాలుగో జవాబులు: 1889నా, 1899నా?

రష్యా ఎం.బి. వాళ్లు పొరుగువాళ్లకు బోధించలేరు, చట్టం ఒప్పుకోదు. సొంత మిషన్ సంస్థ పెట్టడానికీ వీలు లేదు. అబ్రహాం ఫ్రీసెన్ అనే యువకుడు జర్మనీలో హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో చదివి, అక్కడ తెలుగు దేశంలో అమెరికన్ బాప్టిస్టులు చేస్తున్న పని గురించి విన్నాడు. అప్పటికి ఒంగోలు పేరు ప్రపంచమంతా తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఫ్రీసెన్, ఆయన భార్య మరియా 1889లో ఆ బాప్టిస్టు మిషన్ తరఫునే బయల్దేరి వచ్చి నల్గొండలో స్థిరపడ్డారు. మనుషులు మెన్నోనైట్లు, డబ్బు రష్యాలోని మెన్నోనైట్లది, మిషన్ పేరు మాత్రం అమెరికన్ బాప్టిస్టు. 1989 శతాబ్ది ఈ లెక్క మీద జరిగింది. షంషాబాద్ బైబిల్ కాలేజీ పేరులో "సెంటినరీ" అనే మాట చేరిందీ అందుకే.

అమెరికాలోని ఎం.బి. వాళ్లకు ఇది చాల్లేదు. మన పేరుతో మన మిషన్ ఉండాలనుకున్నారు. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ న్యూఫెల్డ్ అనే ఆమె హైదరాబాదుకు వచ్చి మలక్‌పేటలో దిగారు. హీబర్ట్ గారికి జబ్బు చేసి రెండేళ్లకే తిరిగి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత పాంక్రాట్జ్ దంపతులు, 1904లో బెర్గ్‌తోల్డ్ దంపతులు వచ్చారు. బెర్గ్‌తోల్డ్ గారు నాగర్‌కర్నూలు కేంద్రంగా దాదాపు నలభై ఏళ్లు పనిచేశారు. 1907లో వచ్చిన డాక్టరు కేథరీనా షెలెన్‌బర్గ్ 1945లో షంషాబాద్‌లోనే కన్నుమూశారు. ఇంట్లో ఒక జర్మన్ యాస, చర్చిలో పుస్తకాల జర్మన్, బయట ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగినవాళ్లు, ఇక్కడికొచ్చి పాలమూరు తెలుగు నేర్చుకుని అందులో ప్రసంగాలు చెప్పారు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. 1914 యుద్ధం, 1917 విప్లవం రష్యా నుంచి వచ్చే డబ్బును ఆపేశాయి. రష్యన్ మెన్నోనైట్లు మొదలుపెట్టిన నల్గొండ బాప్టిస్టులకే ఉండిపోయింది. మరోవైపు బాప్టిస్టులు మొదలుపెట్టిన మహబూబ్‌నగర్, గద్వాల 1937లో ఎం.బి. మిషన్ చేతికి వచ్చాయి. అంటే మెన్నోనైట్ కాళ్లు మొదట మోపిన నల్గొండ టౌనులో బాప్టిస్టు చర్చి ఉంది, అదే జిల్లా దేవరకొండలో ఎం.బి. చర్చి ఉంది, బాప్టిస్టులు నాటిన పాలమూరు టౌనులోనూ ఎం.బి. చర్చి ఉంది. ఎవరు ముందు అనే వాదన ఎందుకు తెగదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

## ఊరివాళ్లు మెన్నోనైట్లను ఎంచుకున్నారా?

లేదు. ఇది సూటిగా చెప్పాల్సిన విషయం. అప్పటి మిషన్లు ఒకరి ప్రాంతంలో ఒకరు దిగకూడదని తాలూకాలు పంచుకున్నాయి. మెదక్ వైపు మెథడిస్టులు, డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, గుంటూరు వైపు లూథరన్లు, నెల్లూరు ఒంగోలు వైపు బాప్టిస్టులు, పాలమూరు వైపు ఎం.బి. వాళ్లు. ఒకే కులం, ఒకే ఇంటిపేరు గల ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరు మెదక్ వైపు ఇల్లరికం పోతే సి.ఎస్.ఐ. (అక్కడి మెథడిస్టులు తర్వాత కలిసిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అవుతాడు, ఒకరు వనపర్తిలో ఉండిపోతే ఎం.బి. అవుతాడు. ఏ శాఖ అన్నది మ్యాపు తేల్చింది.

కానీ క్రైస్తవులు కావాలా వద్దా అన్నది మ్యాపు తేల్చలేదు, మిషనరీ దొరా తేల్చలేదు. ఐదో జవాబు ఉన్నది ఇక్కడే, నా దృష్టిలో ఎక్కువ బరువున్నదీ అదే.

## ఐదో జవాబు: వాడలో మొదటి మనిషి

మిషనరీల పద్ధతి ఇలా ఉండేది. చలికాలంలో ఎడ్లబండ్ల మీద డేరాలు వేసుకుని ఊరూరూ తిరగడం, మిగతా కాలం మిషన్ కాంపౌండులో బడి, దవాఖానా చూసుకోవడం. ఒక ఊళ్లో దొర ఉండేది ఏడాదికి ఒకటి రెండు రోజులు. మిగతా రోజులు ఆ ఊరికి కాలినడకన వచ్చింది తెలుగు ప్రీచర్లు, ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడింది బైబిల్ స్త్రీలు. వార్త ఊరినుంచి ఊరికి పాకింది చాలావరకు బంధుత్వాల మీదే. వియ్యంకుడు మారితే ఇక్కడ నలుగురు ఆలోచిస్తారు, కోడలు పాటలు పాడుతూ వస్తే అత్త వింటుంది.

ఒంగోలు ఉద్యమమే దీనికి పెద్ద రుజువు. దాన్ని కదిపింది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద తిరుగుతూ సంగతి విని, తానే విచారించి, 1866లో బాప్తిస్మం తీసుకుని, తన వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లాడు. ఆ కాలంలో చేరినవాళ్లు మూడు కట్టుబాట్లకు ఒప్పుకోవాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివితే మామూలు మత నియమాల్లా ఉంటాయి. వెట్టి చేసే మనిషి వైపునుంచి చూడండి. ఆదివారం పనికి రాను అంటే వెట్టికి వారంలో ఒకరోజు అడ్డం చెప్పినట్టు. చచ్చిన గొడ్డు ముట్టను అంటే ఊరు తనకు రాసిపెట్టిన పనిని కాదన్నట్టు. జాతరలో మొక్కులు లేవంటే ఊరికి తాను చేయాల్సిన సేవ ఆగినట్టు. అందుకే గొడవలు వచ్చాయి.

ఎం.బి. ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ చెప్తాను. 1932లో షంషాబాద్‌లో పుట్టిన పాల్ హీబర్ట్, మిషనరీల కొడుకు, తర్వాత పేరున్న మానవ శాస్త్రవేత్త అయ్యారు. ముచ్చింతల అనే ఊరి సంగతి ఒకటి ఆయన రాశారు. ఊళ్లో మశూచి వచ్చింది. మైసమ్మకు దున్నపోతును బలివ్వాలని తేలింది, ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇచ్చేది లేదన్నారు. ఊరి పెద్దలకు కోపం వచ్చి వాళ్లను వెలివేసినట్టు కట్టడి పెట్టారు. ఈలోగా క్రైస్తవుల్లోనే ఒక పిల్లకు మశూచి సోకింది. సంఘ పెద్ద ఒకాయన అంత దూరం నడిచి హీబర్ట్ దగ్గరికి వచ్చి, వచ్చి ప్రార్థన చేయమన్నాడు. తాను చదివిన దైవశాస్త్రంలో మోక్షం గురించి ఉంది, సైన్సులో మందుల గురించి ఉంది, ఈ రెంటి మధ్య పల్లె మనిషిని రోజూ భయపెట్టే దయ్యాలు, దిష్టి, అమ్మవారి కోపం గురించి ఏమీ లేదని ఆయనకు అప్పుడు అర్థమైంది. పాతిక కుటుంబాల సంఘానికి విశ్వాసం అంటే ఎంత టెన్షనో ఈ ఒక్క ఘటనలో కనపడుతుంది. చందా ఇస్తే మాట తప్పినట్టు, ఇవ్వకపోతే ఊళ్లో బతుకు కష్టం, పిల్ల చనిపోతే అందరి ముందూ ఓడినట్టు.

## "పాలపొడి కోసం మారారు" అనే మాటలో నిజమెంత

ఈ మాట అందరం విన్నదే. దీనికి ఆధారం అసలు లేదనడం సరికాదు. 1890ల చివర కరువుల్లో అమెరికా మెన్నోనైట్లు ఇండియాకు ధాన్యం పంపారు, వాళ్లలో చాలామందికి ఇండియా మీద చూపు పడింది ఆ కరువుతోనే. తర్వాత బడి, హాస్టలు, జడ్చర్ల ఆసుపత్రి, అన్నీ ఉన్నాయి. కష్టంలో ఉన్నవాడికి చెయ్యి అందితే ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోవాలనిపిస్తుంది. దాన్ని ప్రలోభం అనేవాళ్లు ఉన్నారు, సేవ అనేవాళ్లు ఉన్నారు.

మిషనరీ రాతల్లో ఇది దేవుడి కార్యం, దొరగారి త్యాగం. విమర్శకుల రాతల్లో తెల్లవాడి డబ్బు. ఈ రెండింట్లోనూ ఒక పోలిక ఉంది. రెండింట్లోనూ వాడలోని మనిషి ఏదో ఒకటి పుచ్చుకున్నవాడే తప్ప ఏమీ నిర్ణయించినవాడు కాడు. దళిత చరిత్రకారులు మూడో మాట చెప్తారు. బాప్తిస్మం వల్ల వచ్చిన నష్టం లెక్కపెట్టండి అంటారు. పని పోవడం, కట్టడి, బంధువుల ఎడబాటు, ఇవి పాలపొడి కంటే ఎక్కువ ఖరీదు. అంత ఖరీదు పెట్టి కొన్నది అక్షరం, పేరు పెట్టి పిలిపించుకోవడం, ఒకే చాప మీద కూర్చునే హక్కు అంటారు. నాకు ఈ మూడో మాటే ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది, ఎందుకంటే సాయం ఆగిపోయాక కూడా సంఘాలు ఆగలేదు. మిషనరీలు 1960లు, 70ల్లో దాదాపు అందరూ వెళ్లిపోయారు. సభ్యుల సంఖ్య ఆ తర్వాతే బాగా పెరిగింది, ఇప్పుడు లక్ష దాటింది.

అయితే మిషన్ కాలం మిగిల్చిన చెడు కూడా ఉంది. బంగళాలో దొర, గుడిసెలో ప్రీచరు, నెల జీతం దొర చేతిమీదుగా. ఆ అలవాటు వల్ల సంఘం తన పాస్టరును తానే పోషించుకోవడం ఆలస్యంగా నేర్చుకుంది. ఆడవాళ్లు వంట ముందు గుప్పెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తెచ్చి పోసే పిడికెడు బియ్యం అలవాటు లేకపోతే చాలా పల్లె సంఘాలు ఆ మధ్య ఏళ్లు దాటేవి కావు. కాంపౌండు భూములు ఎవరివి, వాటి మీద సంతకం ఎవరిది అనే గొడవ కూడా ఆ కాలపు వారసత్వమే.

## శాంతి బోధ పల్లెకు చేరిందా?

మెన్నోనైట్ అంటే ప్రపంచంలో చాలామందికి గుర్తొచ్చేది యుద్ధానికి వెళ్లని చర్చి అని. మన దగ్గర సగటు విశ్వాసికి ఈ సంగతి తెలియదు. తెలుగు పుస్తకాల్లో, బోధల్లో రక్షణ, బాప్తిస్మం, మద్యం మానడం ఉన్నంతగా శాంతి సిద్ధాంతం లేదు. దీన్ని పెద్ద లోటుగా చూసేవాళ్లు సంఘంలోనే ఉన్నారు. మరికొందరు అడిగే ప్రశ్న వేరు. నిర్బంధ సైన్యం లేని దేశంలో ఆయుధం పట్టను అనే మాట ఎవరితో అనాలి? కొట్టే హక్కు ఎన్నడూ లేని కులాలకు కొట్టవద్దని బోధించడంలో అర్థం ఏముంది? రెండు వైపులా బలమైన మాటలే. 1947, 48ల్లో రజాకార్ల దాడులు, సాయుధ పోరాటం మధ్య నలిగిన తెలంగాణ పల్లెల్లో ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు, తలుపు దగ్గరికి వచ్చిన ప్రశ్న.

## రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు

1971 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4 శాతం పైన. 2011 నాటికి 1.34 శాతం. ఈ మధ్యకాలంలో చర్చిలు ఎన్ని పెరిగాయో మన కళ్ల ముందే ఉంది. మరి లెక్క ఎందుకు తగ్గింది?

జవాబులో పెద్ద భాగం చట్టంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ సి కింద వస్తారు, రిజర్వేషన్ 1 శాతం.

దీని ఫలితం చూడటానికి ఒకే ఇంటి ఇద్దరు అన్నదమ్ముల్ని అనుకుందాం, ఇద్దరూ ఆదివారం ఒకే చర్చిలో ఒకే చాప మీద కూర్చుంటారు. అన్న సర్టిఫికెట్‌లో హిందూ మాదిగ, తమ్ముడి సర్టిఫికెట్‌లో క్రైస్తవుడు. ఊరి సర్పంచ్ సీటు ఎస్సీకి రిజర్వ్ అయితే అన్న నామినేషన్ వేయొచ్చు, తమ్ముడు వేయలేడు. కులం పేరుతో ఇద్దర్నీ ఒకే మాట తిడితే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం కింద అన్న కేసుకు ఉన్న దారి తమ్ముడి కేసుకు కష్టం. వీళ్ల పక్కనే తండా నుంచి వచ్చిన లంబాడా విశ్వాసి కూర్చున్నాడనుకోండి, ఆయన క్రైస్తవుడినని బాహాటంగా రాసుకున్నా ఎస్టీ హోదా పోదు, ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. ఒకే చాప మీద ముగ్గురు, మూడు చట్టాలు.

మతం మారినవాళ్లు కులవ్యవస్థ బయటికి వెళ్లినట్టే కదా, మళ్లీ ఆ హోదా ఎందుకు, మా వాటా పంచుకోవడం ఎందుకు అని హిందూ దళితుల్లో చాలామంది అడుగుతారు, వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. మతం మారినా వాడ మారలేదు, కూలి మారలేదు, హోటల్లో చూపు మారలేదు అని క్రైస్తవ దళితులు అంటారు, అదీ నిజమే. ఈ విషయం పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. పల్లె సంఘాల వరకు దీని ఫలితం ఒకటే. సంఘం చరిత్ర రాయడం అంటే ఎవరు ఏ తేదీన బాప్తిస్మం తీసుకున్నారో కాగితం మీద పెట్టడం, ఆ కాగితం ఎవరి ఉద్యోగానికి అడ్డొస్తుందో తెలియదు. అందుకే చాలా చోట్ల రిజిస్టర్లు రాయడం మానేశారు, ఉన్నవి బయటికి తీయరు.

## కాగితాలు అక్కడ, జ్ఞాపకాలు ఇక్కడ

మిషనరీల ఉత్తరాలు, రిపోర్టులు, ఫొటోలు భద్రంగా ఉన్నాయి. ఎక్కడంటే కాలిఫోర్నియాలో ఫ్రెస్నో, కాన్సస్‌లో హిల్స్‌బోరో, కెనడాలో విన్నిపెగ్ నగరాల్లోని ఎం.బి. చరిత్ర కేంద్రాల్లో. అందులో దొరగారు ఏ తేదీన ఏ ఊళ్లో డేరా వేశారో ఉంటుంది. ఆయన వెంట నడిచిన ప్రీచరు చాలాచోట్ల "స్థానిక సహాయకుడు" మాత్రమే. ఆ ప్రీచరు పేరు, ఆయన ఏ పాటతో మొదలుపెట్టేవాడు, ఎవరింట్లో తిన్నాడు, ఇవన్నీ వాడలో ఎనభై దాటిన ముగ్గురు నలుగురికి గుర్తున్నాయి.

నేను ఒక పల్లె సంఘం రిజిస్టరు చూశాను. ఊరి పేరు రాయను, ఇప్పుడే చెప్పిన కారణానికే. ఎర్ర బట్ట అంచు కట్టిన పొడుగు పుస్తకం, అడుగున చెదలు తిన్న పేజీలు. వరుస నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, బాప్తిస్మం తేదీ, ఇచ్చినవారు, రిమార్కులు. మొదటి పేజీల్లో ఎల్లమ్మ, బాలమ్మ, నర్సయ్య. తర్వాతి తరంలో రూతు, యాకోబు, దావీదు. రిమార్కుల్లో మొదట్లో "మృతి", 1970ల నుంచి "బొంబాయి", "పూనా", "బొంబాయి", పేజీ మొత్తం అదే. పాలమూరు కూలీలు దేశమంతా కాలువలు తవ్వారు, డ్యాములు కట్టారు, వాళ్లతోపాటే ఈ సంఘమూ పోయింది. ముంబైలో తెలుగు ఎం.బి. సంఘాలు మొదలైంది ఇలా రిమార్కుల్లోకి ఎక్కిన మనుషులతోనే.

ఆ రిజిస్టరులో మొదటి తేదీ 1952. సంఘ పెద్దలు కూడా అదే చెప్తారు. కానీ ఆ వాడలో అందరికన్నా పెద్దామె నాతో అన్న మాట వేరు. "రజాకార్ల గడబిడకు ముందటేడు, జొన్న కోతలప్పుడు మా నాయన నీళ్లల్ల మునిగిండు. చెరువుల నీళ్లు లేవు, పటేలు బాయిల దిగనియ్యలే. ఐదు కోసులు నడిచి పక్కూరి వాగుకు పోయిన్రు." రజాకార్ల గడబిడ అంటే 1948. దానికి ముందటేడు 1947. యాసంగి జొన్న కోతలంటే ఫిబ్రవరి, మార్చి. అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందు, నిజాం రాజ్యంలో, ఆ వాడ మనిషి ఒకడు పటేలు బావి వద్దంటే ఐదు కోసులు నడిచి వెళ్లి ఒక వాగులో మునిగాడు. ఆయన పేరు రిజిస్టరులో లేదు, ఎందుకంటే రిజిస్టరు ఆ ఊరికి ఐదేళ్ల తర్వాత వచ్చింది.

ఆ చర్చికి ఈ మధ్య కొత్త స్లాబు వేశారు. ముందరి గోడ మీద "ఎం.బి. చర్చి, స్థాపితం" అని రాయించి, సంవత్సరం దగ్గర ఖాళీ వదిలారు. 1952 అని వేయమని కొందరు, 1899 వేస్తే బాగుంటుందని కొందరు. ఆ పెద్దామె చెప్పింది వాళ్లకు చెప్పి వచ్చాను.